ఎండలు ముదురుతున్నాయి: వైన్ ద్రాక్షతోటను ఎలా కాచుకోవాలి

వేడి పెరిగినంత మాత్రాన వైన్ ద్రాక్ష పండకుండా పోదు. తొందరపడి పండుతుంది, చిక్కంతా అక్కడే. చక్కెర గబగబా ఎక్కుతుంది, పులుపు అంతే వేగంగా దిగిపోతుంది. తొక్కలో రంగు, వాసన, గింజలో వగరు నెమ్మదించడం మాత్రం వాటి తీరున అవి నడుస్తాయి. చక్కెర చూసి కోస్తే గింజ ఇంకా పచ్చిగా ఉంటుంది. గింజ ముదిరేదాకా ఆగితే మద్యం 15 శాతానికి చేరి, పులుపు లేని చప్పటి వైన్ మిగులుతుంది.

దీనికి కారణాలు తెలిస్తే ఏ పని ఎందుకు చేస్తున్నారో తెలుస్తుంది. ద్రాక్ష పులుపు ముఖ్యంగా రెండు ఆమ్లాల వల్ల వస్తుంది. వాటిలో మాలిక్ ఆమ్లాన్ని పండు తన శ్వాసక్రియకే వాడుకుంటుంది, వేడెక్కేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. టార్టారిక్ ఆమ్లం అంత తేలిగ్గా పోదు. పండు 35 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే ఎర్ర రకాలకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు తయారవడం మందగిస్తుంది, తయారైనవి కూడా విరిగిపోతుంటాయి. దీనికి తోడు క్యాలెండర్ దెబ్బ ఒకటుంది. ఫ్రాన్స్‌లోని బోన్ పట్టణంలో 1354 నుంచి కోత తేదీల లెక్క ఉంది. అందులో 1988 నుంచి కోత సగటున 13 రోజులు ముందుకు జరిగింది. అంటే వాతావరణం వేడెక్కడమే కాదు, పండు పక్వానికొచ్చే రోజులు కూడా చల్లటి శరదృతువు నుంచి నడివేసవి వైపు జరిగాయి.

కాబట్టి చేయాల్సినవి మూడు: పక్వాన్ని వెనక్కి నెట్టడం, గుత్తిని మధ్యాహ్నపు ఎండ నుంచి తప్పించడం, నీళ్లు సరైన వేళ అందించడం. రకం మార్చడం అన్నిటికంటే ఖరీదైన మార్గం, ఫలితం కూడా అన్నిటికంటే ఆలస్యం. కత్తెరతో అయ్యే పనులు ముగిశాకే దాని జోలికి వెళ్లండి.

1. ముందు మీ తోట జబ్బేమిటో తేల్చుకోండి

రంగు తిరగడం మొదలైనప్పటి నుంచి వారానికి రెండుసార్లు నమూనా తీయండి. ఒక్కో మడిలో 100 నుంచి 200 పండ్లు కావాలి. వరుసకు రెండు వైపుల నుంచీ, గుత్తి పైభాగం, నడుమ, కొస నుంచీ తీయండి. గట్టుపక్క చెట్లను వదిలేయండి. చేయి సహజంగా బాగా పండిన పండు మీదికే పోతుంది, అందుకే చూడకుండా తెంపడం మంచిది. రసం పిండి బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం), పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది), మొత్తం ఆమ్లం కొలవండి. గింజల రంగు కూడా రాసుకోండి. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం మద్యం అవుతుంది, కాబట్టి 24 బ్రిక్స్ రసం దాదాపు 14 శాతం వైన్ ఇస్తుంది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి దగ్గర పెట్టుకుని, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య పడమటి వైపు గుత్తుల మీద పట్టి చూడండి. నేరుగా ఎండ తగిలే పండు గాలికంటే 10 నుంచి 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గాలి 36 ఉంటే పండు 48 ఉండొచ్చు, కాలిపోవడానికి అది చాలు.

ఇప్పుడు లక్షణాలు చూడండి. బ్రిక్స్ 23 దాటినా గింజ పచ్చగానే ఉంటే మీకు కావలసింది ఆలస్యం, మూడో అడుగుకు వెళ్లండి. పీహెచ్ 3.7 దాటుతుంటే నీడ చాలడం లేదు, లేదా నేలలో పొటాషియం ఎక్కువైంది. పడమటి వైపు పండ్లు గోధుమరంగు మచ్చతో ఎండుతుంటే అది ఆకు తెంపిన తీరులోని తప్పు. కొమ్మ అడుగు ఆకులు పసుపెక్కి రాలుతూ, పండ్లు వాడి ముడుచుకుంటుంటే నీళ్లు అందడం లేదు.

2. గుత్తుల దగ్గర ఆకు తెంపే తీరు మార్చండి

గుత్తుల చుట్టూ ఆకు మొత్తం తెంపేయడం చల్లని, తడి ప్రాంతాల్లో పుట్టిన అలవాటు. బూజు రాకుండా, ఎండ తగిలి రంగు రావాలని అలా చేసేవారు. వేడి ప్రాంతంలో ఇప్పటికీ రెండు వైపులా తెంపుతున్నవారు తమ పంటను తామే కాల్చుకుంటున్నారు.

వరుసలు ఉత్తర దక్షిణంగా ఉంటే తూర్పు వైపు మాత్రమే తెంపండి. ఉదయపు ఎండ గుత్తిని ఆరబెడుతుంది, మందు కూడా లోపలికి చేరుతుంది. పడమటి వైపు ఆకుల్లో ఒక్కటి కూడా ముట్టుకోకండి, పక్క చిగుళ్లను కూడా ఉంచేయండి. వరుసలు తూర్పు పడమరలుగా ఉంటే ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపు ఆకులు ఉండాలి.

తెంపే వేళ కూడా ముఖ్యమే. పూత ముగిసి పిందె కట్టిన వెంటనే తెంపితే పిందె తొక్క ఎండకు అలవాటు పడి గట్టిపడుతుంది. నెల రోజులు నీడలో పెరిగిన గుత్తిని ఒక్కసారిగా ఎండలోకి తెస్తే రెండు రోజుల్లో మాడుతుంది. పిందె దశలో ఆ పని కుదరకపోతే ఆ ఏడాదికి వదిలేయడమే మేలు.

కొమ్మలను తీగల మధ్య నిటారుగా బిగించే పందిరి ఉన్నవారు పడమటి వైపు పై తీగను కాస్త వదులు చేసి, కొమ్మలు గుత్తుల మీదికి గొడుగులా వాలేలా చూడండి. ఖర్చేమీ లేదు, ట్రాక్టర్ దారి కాస్త ఇరుకవుతుంది అంతే.

3. పక్వాన్ని వెనక్కి నెట్టండి

దీనికి బాగా పనిచేసేది రెండు విడతల కత్తిరింపు. కొమ్మ మీద పై కన్ను (చిగురు మొగ్గ) ముందు చిగురించి కింది కళ్లను అణచి ఉంచుతుంది. ఆ గుణాన్నే మనం వాడుకుంటాం.

చలికాలంలో మొదటి విడతగా కొమ్మలను ఎనిమిది పది కళ్లు ఉండేలా పొడవుగా కోసి వదిలేయండి. వసంతంలో పై కళ్లు చిగురిస్తాయి, అడుగు కళ్లు నిద్రలోనే ఉంటాయి. పై చిగుళ్లలో రెండు మూడు ఆకులు విచ్చుకున్నాక రెండో విడతగా కొమ్మను రెండు కళ్ల మొటికకు (పొట్టి మోడుకు) కోసేయండి. అప్పుడే అడుగు కళ్లు మేలుకుంటాయి. చిగురు వారం నుంచి రెండు వారాలు వెనక్కి పోతుంది. పూత, రంగు తిరగడం, కోత వచ్చేసరికి ఆ తేడా తగ్గుతూ వస్తుంది గానీ పూర్తిగా పోదు. కోసిన చోట నీరు కారడం చూసి కంగారు పడొద్దు, దాని వల్ల నష్టం లేదు. పైగా ఆలస్యంగా కోసిన గాయాలకు మాను ఎండు తెగుళ్ల శిలీంధ్రాలు తక్కువ సోకుతాయి. వసంతపు మంచు నుంచీ కొంత రక్షణ దొరుకుతుంది. వెచ్చటి మార్చి తర్వాత వచ్చిన 2021 ఏప్రిల్ మంచు ఫ్రాన్స్ తోటలను ఎంతగా దెబ్బతీసిందో చూస్తే, వేడెక్కడమంటే మంచు బాధ తప్పినట్టు కాదని అర్థమవుతుంది.

తప్పేదెక్కడంటే, ఇంకొన్నాళ్లు ఆగితే ఇంకా మంచిదనుకోవడంలో. చిగుళ్లు ఆరేడు ఆకులు వేశాక కోస్తే చెట్టు మానులో దాచుకున్న పిండి పదార్థం అంతా వృథా అయి, దిగుబడి బాగా పడిపోతుంది. బలహీనంగా ఉన్న చెట్లకు, మొదటి మూడేళ్ల మొక్కలకు ఈ పని వద్దు. తోటంతా ఒకే వారంలో కోయడానికి మనుషులు దొరకరు కాబట్టి అందరికంటే ముందు పండే మడులకే దీన్ని కేటాయించండి. మొటికలు కాక పొడవు కొమ్మలు కట్టే పద్ధతి మీదైతే, కొమ్మను నిలువుగా వదిలేసి ఆలస్యంగా వంచి కట్టండి. కళ్లు ఉబ్బాక వంచేటప్పుడు అవి రాలిపోతాయి, చేయి నిదానంగా ఉండాలి.

రెండో మార్గం ఆకు విస్తీర్ణం తగ్గించడం. కిలో పండ్లకు 0.8 నుంచి 1.2 చదరపు మీటర్ల ఆకు ఉంటే పంట మామూలుగా పండుతుంది. పిందె కట్టాక కొమ్మల ఎత్తు తగ్గించి ఆ నిష్పత్తిని 0.7 దగ్గరికి తెస్తే చక్కెర నెమ్మదిస్తుంది. అంతకంటే దిగితే రంగు కూడా పోతుంది, చెట్టు వచ్చే ఏడాదికి దాచుకునేదీ తగ్గుతుంది.

మూడోది, రంగు తిరిగాక గుత్తులకు పైనున్న ఆకును తీయడం. బ్రిక్స్ 14 నుంచి 16 మధ్య ఉన్నప్పుడు, గుత్తుల వరుసకు పైన నడుమ భాగంలోని ఆకులను, మొత్తంలో మూడో వంతు దాకా తీసేయండి. కొసన ఉన్న లేత ఆకులను ఉంచండి. చక్కెర తయారీలో అప్పుడు ఎక్కువ పనిచేసేవి ఆ నడుమ ఆకులే కాబట్టి చక్కెర మందగిస్తుంది, గుత్తి దగ్గరి ఆకులు నీడగా మిగిలే ఉంటాయి. రంగు తిరగక ముందే తీస్తే పక్క చిగుళ్లు వచ్చి లెక్క తప్పుతుంది. నీళ్ల ఎద్దడిలో ఉన్న చెట్టుకు ఇది చేయకండి.

4. నీళ్లు

వైన్ ద్రాక్షకు కొంత దాహం మంచిదే, ఎక్కువ దాహం మంచిది కాదు. ఆ గీత ఎక్కడుందో కొలిచి తెలుసుకోవాలి. ప్రెషర్ ఛాంబర్ (చెట్టు ఎంత దాహంతో ఉందో ఒత్తిడి పెట్టి ఆకులో కొలిచే పరికరం) ఉంటే, ఆకును వెండిరంగు సంచిలో గంటసేపు మూసి ఉంచి, మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య కొలవండి. మైనస్ 10 నుంచి 12 బార్ల దాకా ఓ మోస్తరు ఎద్దడి, ఎర్ర రకాలకు అది సరిపోతుంది. మైనస్ 14 దాటితే ఆకు పనిచేయడం దాదాపు మానేస్తుంది. తెల్ల రకాలను అంత దూరం తీసుకెళ్లకూడదు, వాసన పోతుంది.

పరికరం లేకపోతే కొమ్మ కొసలు చూడండి. విచ్చుకున్న చివరి రెండు ఆకులను కొస మీదికి మడవండి. కొస ఆ ఆకులను దాటి కనబడితే కొమ్మ ఇంకా పెరుగుతోంది. ఆకుల మధ్య దాగిపోతే పెరుగుదల మందగించింది. కొస ఎండి రాలితే ఆగిపోయింది. మడిలో 50 కొసలు చూసి లెక్క రాసుకోండి. రంగు తిరిగే నాటికి ఎక్కువ కొసలు ఆగిపోయి ఉండాలి. పూతకే ఆగిపోతే తడి ఆలస్యమైంది, రంగు తిరిగాక కూడా పెరుగుతుంటే నీళ్లు ఎక్కువైనట్టు.

పిందె నుంచి రంగు తిరిగేదాకా కాస్త తక్కువగా ఇవ్వండి. పండు చిన్నదిగా ఉండి తొక్క వాటా పెరుగుతుంది. రంగు తిరిగాక మాత్రం ఎండగట్టవద్దు. అప్పుడు అడుగు ఆకు రాలి గుత్తులు బట్టబయలవుతాయి, పండ్లు వాడి చక్కెర చిక్కబడుతుంది. దాన్ని చూసి పండిందనుకుని మోసపోతారు.

తడి లెక్క తేలికే. 10 మిల్లీమీటర్లంటే హెక్టారుకు లక్ష లీటర్లు. హెక్టారుకు 4,000 చెట్లుంటే చెట్టుకు 25 లీటర్లు. చెట్టుకు గంటకు రెండు లీటర్ల డ్రిప్పర్లు రెండుంటే ఆరు గంటల పైచిలుకు. ఇసుక నేలలో దీన్ని రెండు మూడు విడతలుగా, బంకమట్టిలో ఒకేసారి ఇవ్వండి. రోజూ కాసిన్ని పోస్తే వేళ్లు పైపొరలోనే ఉండిపోతాయి, మొదటి వడగాడ్పుకే చెట్టు వాడిపోతుంది.

5. వడగాడ్పు వస్తోందని తెలిసిన వారం

గాలి 38 దాటుతుందని సూచన వచ్చిందంటే ఆకు తెంపడం, కొసలు కత్తిరించడం, నేల దున్నడం అన్నీ ఆపేయండి. గంధకం చల్లాల్సి ఉంటే వాయిదా వేయండి. 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం ఆకునూ పండునూ కాలుస్తుంది. నూనె మందులకూ ఇదే మాట, పైగా నూనెకూ గంధకానికీ మధ్య రెండు వారాల ఎడం ఉండాలి.

వడగాడ్పుకు రెండు మూడు రోజుల ముందే తడి ఇచ్చి వేళ్ల మండలం నిండేలా చూడండి. వాడిన చెట్టుకు ఆ రోజు పోసే నీళ్లు కోలుకోవడానికి పనికొస్తాయి గానీ కాలిపోకుండా ఆపలేవు. వడగాడ్పు నడిచే రోజుల్లో రాత్రిపూట తడి కొనసాగించండి.

కయోలిన్ వాడేవారు కనీసం రెండు రోజుల ముందు చల్లాలి. ఇది వ్యవసాయానికి తయారుచేసిన మెత్తటి తెల్ల బంకమట్టి పొడి. 100 లీటర్ల నీటికి 3 నుంచి 5 కిలోలు. ట్యాంకు సగం నీళ్లతో నింపి, కలిపే యంత్రం తిరుగుతుండగా పొడి నెమ్మదిగా వేయండి, తర్వాత మిగతా నీళ్లు. పిచికారీ అయ్యేదాకా కలుపుతూనే ఉండాలి, ఐదు నిమిషాలు ఆపినా అడుగున పేరుకుని నాజిల్ మూసుకుంటుంది. ఒక దఫా చల్లి, ఆరాక రెండోది చల్లండి. ఒక్కసారే చిక్కగా చల్లితే చుక్కలుగా కారి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. వాన పడితే మళ్లీ చల్లాలి. కోతకు నాలుగు వారాల ముందు గుత్తుల మీద చల్లడం ఆపండి, లేకపోతే రసంలో మడ్డి ఎక్కువవుతుంది. నీళ్లు బాగా అందుతున్న తోటలో కయోలిన్‌తో ఆకుకు పెద్ద లాభం ఉండదు, అక్కడ గుత్తి కోసం పడమటి వైపు మాత్రం చల్లితే చాలు.

నీడ వల ఖరీదు ఎక్కువైనా ఏటా చల్లే పని తప్పుతుంది. 20 నుంచి 40 శాతం నీడనిచ్చేది తీసుకుని, పడమటి వైపు గుత్తుల ఎత్తులో పట్టీలా కట్టండి. వల గుత్తిని తాకకూడదు, ముఖ్యంగా నల్ల వల తాకిన చోటే పండు మాడుతుంది. 50 శాతం దాటిన నీడ రంగును తగ్గిస్తుంది, వచ్చే ఏడాది కళ్లలో గుత్తులు కూడా తగ్గుతాయి.

వడగాడ్పు పోయాక మాడిన ఆకులు, గుత్తులు తీసేయాలని చేయి ఉబలాటపడుతుంది. వారం పది రోజులు ఆగండి. మాడిన ఆకు కూడా వెనకనున్న గుత్తికి నీడే.

6. నేల

వట్టి నేల పగలంతా వేడెక్కి సాయంత్రం ఆ వేడిని గుత్తుల మీదికే వదులుతుంది. చెట్ల కింద 8 నుంచి 10 సెంటీమీటర్ల మందం గడ్డి పరవండి, మాను చుట్టూ జానెడు వదిలేయండి. వరుసల మధ్య పచ్చిరొట్ట పెంచితే వర్షం ఇంకుతుంది, కానీ అది కూడా నీళ్లు తాగుతుంది. పొడి ప్రాంతంలో పూతకు మూడు నాలుగు వారాల ముందే రోలర్‌తో పడుకోబెట్టండి, కోసి కుప్పలేయకండి. మంచు భయం ఉన్నచోట చిగురు వేళకు గడ్డి పొట్టిగా ఉండాలి.

పొటాష్ ఎరువు ఏటా అలవాటుగా వేసేవారు ఆపి, ముందు ఆకు కాడల పరీక్ష చేయించండి. పొటాషియం రసంలోని టార్టారిక్ ఆమ్లాన్ని లవణంగా మార్చి పీహెచ్ పెంచుతుంది. ఎండ అసలే పులుపు తీసేస్తుంటే ఎరువుతో దానికి తోడు పోవడం దేనికి?

7. కోత, పులియబెట్టడం

కోత రాత్రి లేదా తెల్లవారుజామున పెట్టి, పండు వైన్ తయారుచేసే చోటికి 20 డిగ్రీల లోపు వేడితోనే చేరేలా చూడండి. ఒకే మడిని రెండుసార్లు కోయడం మంచి ఉపాయం. కొంత భాగాన్ని 20, 21 బ్రిక్స్ దగ్గర పులుపు కోసం, మిగతాది రుచి పండాక కోసి, వైన్లు తర్వాత కలపండి. ఆ మొదటి కోత గుత్తులు పచ్చి ఆకు వాసన వేయకుండా చూసుకోవాలి, కాబెర్నే జాతి రకాల్లో ఆ బెడద ఎక్కువ.

టార్టారిక్ ఆమ్లం కలపాల్సి వస్తే పులియకముందే కలపండి. లీటరుకు ఒక గ్రాము పీహెచ్‌ను సుమారు 0.1 తగ్గిస్తుంది, రసాన్ని బట్టి మారుతుంది కాబట్టి ముందు ఒక లీటరులో చూసుకోండి. ఎంత కలపొచ్చన్నది దేశాన్ని బట్టి చట్టం చెబుతుంది. లాకాన్సియా థర్మోటాలరెన్స్ అనే ఈస్టు కొంత చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. దాన్ని ముందు వేసి, ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత మామూలు వైన్ ఈస్టు వేయాలి, అది ఒక్కటే పులియబెట్టడం పూర్తి చేయలేదు.

పీహెచ్‌ను ఎందుకంత పట్టించుకోవాలో, వైన్ చెడిపోకుండా కలిపే సల్ఫర్ డయాక్సైడ్ లెక్క చెబుతుంది. లీటరుకు సూక్ష్మజీవులను అణచే చురుకైన భాగం 0.8 మిల్లీగ్రాములు కావాలంటే పీహెచ్ 3.2 దగ్గర విడి సల్ఫర్ డయాక్సైడ్ 20 మిల్లీగ్రాములు చాలు. 3.6 దగ్గర 50 కావాలి, 3.8 దగ్గర దాదాపు 80.

8. కొత్తగా నాటేవారికి

వరుసల దిక్కు ఒకసారి వేశాక మారదు. ఉత్తరార్ధగోళంలో ఈశాన్యం నుంచి నైరుతికి, దక్షిణార్ధగోళంలో వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వేస్తే, బాగా వేడిగా ఉండే మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు సూర్యుడు వరుస వెంబడి ఉంటాడు, ఏ పక్క గుత్తులకూ నేరుగా తగలడు. ఎత్తు దొరికితే వదులుకోకండి, ప్రతి 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీల చల్లదనం వస్తుంది.

అంటు కట్టడానికి వాడే వేరుమూలాల రకాల్లో 110 రిచ్టర్, 140 రుగ్గేరి, 1103 పాల్సెన్ కరవును బాగా తట్టుకుంటాయి. రిపారియా గ్లోయిర్ తట్టుకోలేదు. అయితే సారవంతమైన తడి నేలలో మొదటి మూడూ చెట్టును ఆకుమయం చేస్తాయి, లోతు తక్కువ పొడి నేలలకే వాటిని ఉంచండి.

రకాల విషయంలో ఫ్రాన్స్‌లోని వైన్ ప్రాంతం బోర్డో చేసిన పని గమనించదగ్గది. అక్కడ 2021లో ఆరు కొత్త రకాలకు అనుమతి వచ్చింది: ఎర్రవి అరినార్నోవా, కాస్తె, మార్సెలాన్, తూరిగా నాసియోనాల్, తెల్లవి అల్వరిన్యో, లిలియోరిలా. విస్తీర్ణంలో 5 శాతం, మిశ్రమంలో 10 శాతం మించకూడదన్న షరతు పెట్టారు. మీరూ ఆ మోతాదులోనే మొదలుపెట్టండి. ఎంపికలో రెండు గుణాలు చూడండి: ఆలస్యంగా పండడం, పులుపు నిలుపుకోవడం. మూర్వెద్ర్, పెటి వెర్డో ఆలస్యంగా పండుతాయి. సాంటోరినీ దీవిలోని అసిర్టికో మండే ఎండలోనూ పులుపు వదలదు. గ్రెనాష్ ఎండకు తట్టుకుంటుంది గానీ చక్కెర విపరీతంగా ఎక్కుతుంది, అది మీ చిక్కును తీర్చదు.

ఉన్న తోటలోనే ప్రయత్నించాలంటే పాత మాను మీద కొత్త రకం అంటు కట్టొచ్చు. వేళ్లు పాతవే కాబట్టి రెండేళ్లలో పంట చేతికొస్తుంది. అంటు కట్టే ముందు ఆ మానుల్లో ఆకుముడత వైరస్ లేదని పరీక్ష చేయించండి. పాత రకం లక్షణాలేవీ చూపకుండా మోస్తున్న వైరస్ కొత్త అంటులోకి ఎక్కి, కొన్నిసార్లు మొదటి ఏడాదే దాన్ని చంపేస్తుంది.